తూనికల ఆవిడ వేసిన రెండు నక్షత్రాలు

ట్యునీషియాలోని స్ఫాక్స్ ఊళ్లో బాబ్ జెబ్లీ కోటగుమ్మం దగ్గర నిలబడి దలెందా ఎల్లూజ్ ఇల్లెక్కడని అడిగితే చాలామంది తెల్లమొహం వేస్తారు. తూనికల ఆవిడ ఇల్లెక్కడని అడిగితే మాత్రం చేపలమ్మేవాడు కత్తి పక్కన పెట్టి మరీ దారి చూపిస్తాడు. తూనికలు కొలతల శాఖలో ముప్ఫై నాలుగేళ్లు పనిచేసి రిటైరైన మనిషి ఆవిడ. ఉద్యోగం వదిలి ఏడేళ్లు దాటినా, ఆవిడ సంచీ పట్టుకుని బజారులో అడుగుపెట్టిందంటే ఇప్పటికీ కాటాల పళ్లేలు ఒకసారి తుడుపు పడతాయి.

ఇరవై రెండేళ్ల వయసులో ఉద్యోగంలో చేరినప్పుడు ఆ శాఖలో ఆడపిల్ల ఆవిడొక్కతే. ఎవరికీ అక్కర్లేని చేపల బజారు ఆవిడ నెత్తిన వేశారు. వాసనకు తట్టుకోలేక వారంలో పారిపోతుందని ఆఫీసులో పందేలు కూడా కట్టారు. వారం గడిచింది, ఏడాది గడిచింది, పందెం కట్టినవాళ్లే బదిలీ మీద వెళ్లిపోయారు. ఆ రోజుల్లోనే ఒక శనగల కొట్టువాడి కిలో రాయిని ఆవిడ పట్టుకుపోయింది. తీరా చూస్తే అది తక్కువ తూగే రాయి కాదు. ఎవరో అడుగున సీసం ఎక్కువ పోయడం వల్ల ముప్ఫై గ్రాములు ఎక్కువ తూగుతోంది.

"ఇన్నాళ్లూ నష్టపోయింది నేను కదమ్మా. నా రాయి నువ్వు పట్టుకుపోవడమేంటి?" అని కొట్టువాడు లబోదిబోమన్నాడు.

"ఎవరు నష్టపోయారన్నది నా లెక్క కాదు. రాయి మీద కిలో అని ఉంది. అది కిలో కాదు" అందావిడ.

ఆవిడ నమ్ముకున్నదంతా ఆ రెండు ముక్కల్లోనే ఉంది. తక్కువ తూచినా తప్పే, ఎక్కువ తూచినా తప్పే. రెండింటికీ ఒకే కాగితం మీద నేరం రాసేది.

రిటైరయ్యాక ఇంట్లో ఊరికే కూర్చోలేక పాత తక్కెడలూ తూకపు రాళ్లూ పోగుచేయడం మొదలుపెట్టింది. మూతపడ్డ కొట్లలో ఉండే అలాంటి సరుకంతా ఇప్పుడు ఫోన్లో వేలం సైటుకే చేరుతోంది. భర్త హమ్మాది నూనె మిల్లులో గుమాస్తాగా చేసినవాడు, నెమ్మదైనవాడు. "జీవితమంతా తూచింది చాలక, ఇప్పుడు డబ్బులిచ్చి మరీ రాళ్లు తెచ్చుకుంటున్నావు" అని నవ్వేవాడు కానీ అడ్డు చెప్పేవాడు కాదు.

ఆ సైటులో పాట ముగిసి వస్తువు ఇంటికొచ్చాక, కొన్నవాళ్లు అమ్మినవాళ్లకు ఒకటి నుంచి అయిదు దాకా నక్షత్రాలు వెయ్యాలి. అమ్మినవాళ్లు కూడా కొన్నవాళ్లకు వెయ్యాలి. అందరూ ఆ పని టీ తాగుతూ వేలితో ఒకసారి నొక్కేసి వదిలేస్తారు. దలెందాకు అది కాటా మీద ముద్ర కొట్టడమంత పని. ముందు అమ్మకందారు రాసిన వివరణను పైకి చదివేది. తర్వాత వస్తువును బల్ల మీద పెట్టి, చెప్పిన ఒక్కో మాటకూ వచ్చిన వస్తువుకూ పొంతన చూసేది. వారం రోజులు వాడి చూసేది. పార్సిల్ ఆలస్యమైతే రసీదు మీద తేదీ చూసేది. అమ్మినవాడు వేళకు అప్పగించి, ఆలస్యం రవాణావాళ్లదైతే అందులో అతని తప్పేమీ లేదు. రంగు నచ్చలేదనో, ఊహించినంత పెద్దది కాదనో నక్షత్రం కోసేవాళ్లంటే ఆవిడకు ఒళ్లుమంట. కొలతలు రాసి పెట్టినా చదవకపోవడం ఎవరి తప్పని అడిగేది. కారణం లేకుండా అయిదూ కుమ్మరించేవాళ్లంటే ఇంకా ఒళ్లుమంట.

పక్కింట్లో ఉండే మహబూబా అలా కుమ్మరించే రకమే. భర్త పోయాక బాదం మిఠాయిలు చేసి పెళ్లిళ్లకు సరఫరా చేస్తూ ఇల్లు నడుపుకుంటోంది. చెయ్యి మంచిది, మనసు మెత్తనిది, ఎవర్నీ కాదనలేదు. వేసవి పెళ్లిళ్ల ముందు ఆవిడ పాత రుబ్బుడు యంత్రం మూలపడింది. సరిగ్గా అప్పుడే దలెందా వారం రోజులకని మహరెస్‌లో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్లింది. అడిగి చూద్దామంటే మనిషి ఊళ్లో లేదు, అవతల బయానా తీసుకున్న పెళ్లిళ్లు మూడున్నాయి. దాంతో మహబూబా తనే వేలంపాటలో దిగి, బాదం ఆడే యంత్రం ఒకటి దక్కించుకుంది. అమ్మినవాడు సకియత్ రోడ్డు మీద పాత యంత్రాల కొట్టు పెట్టుకున్న లస్సాద్. పన్నెండు వందల మంది వేసిన నక్షత్రాల సగటు అతనికి అయిదుకు నాలుగూ తొమ్మిది.

దలెందా ఊరి నుంచి వచ్చి సంచీ దించకముందే గోడ అవతల టకటకమని చప్పుడు వినిపించింది. తిరిగే యంత్రం అలా కొట్టుకోకూడదని ఆవిడ చెవికి తెలుసు. నేరుగా మహబూబా వంటింట్లోకి నడిచింది.

"చూశావా అక్కా, కొత్తదానిలా ఉంది. బాదం కాస్త బరకగా పడుతోందనుకో. రెండోసారి ఆడిస్తే సరిపోతుంది" అంది మహబూబా.

దలెందా పిండిని వేళ్ల మధ్య నలిపి చూసింది. ఎడమవైపు పడ్డది మెత్తగా ఉంది, కుడివైపు పడ్డది నూకలా ఉంది. ప్లగ్గు పీకించి, మూత తీయించి, లోపలున్న ఉక్కు రోలర్ల మీద తాళంచెవితో గీకింది. కుడి రోలర్ మీద వెండి రంగు పెచ్చులా లేచొచ్చింది. దాని కింద పగుళ్లు పూడ్చే లాంబం, లాంబం కింద వేలెడు పగులు. ఆ లాంబం అప్పటికే కాస్త రాలిపోయి ఉంది. అది ఎక్కడికి పోయిందో ఇద్దరికీ ఒకేసారి తట్టింది. మహబూబా పిండి గిన్నెను గబగబా చెత్తబుట్టలో బోర్లించింది.

"అమ్మేటప్పుడు ఏమని రాశాడు?"

"ఒకే ఇంట్లో వాడింది, రోలర్లలో ఏ లోపమూ లేదని."

"నువ్వు ఎన్ని స్టార్లు వేశావు?"

మహబూబా కొంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడింది.

"నిన్నే అడుగుతున్నా."

"అయిదు."

"ఎప్పుడు?"

"యంత్రం దిగిన రోజే. ఇంకా తాళ్లు కూడా కోయలేదు. అతనే ఫోన్ చేశాడక్కా. 'అక్కా, మీరు అయిదు వేస్తే నేనూ మీకు అయిదు వేస్తా. తక్కువేస్తే నేనూ తక్కువే వెయ్యాలి కదా' అన్నాడు. నా మార్కు మూడు కన్నా కిందికి పడిపోతే ఇక నన్ను పాటలోకి రానివ్వరట. బాదం, పెట్టెలు, పళ్లేలు, అన్నీ అక్కడే కొంటాను కదా నేను. ఏం చెయ్యమంటావు?"

దలెందాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మహబూబా మీద అరిచింది. "నీకు మోసం జరిగితే నీ బాధ. కానీ నువ్వు వేసిన అయిదు చూసి రేపు ఇంకెవరో కొంటారు. ఆ లాంబం పిండిని ఏ పెళ్లిలోనో పిల్లలు తింటారు. తప్పుడు రాయి మీద నా ముద్ర కొట్టి ఇస్తే ఎట్లా ఉంటుందో, నువ్వు చేసిందీ అట్లాగే ఉంది."

మహబూబా ఏడుపు ఒక్కటే తక్కువ. దలెందా ఆ ఇంట్లోంచి వచ్చేశాక కూడా కోపం దిగలేదు. పన్నెండు వందల మందిలో కళ్లున్నవాళ్లు ఒక్కరూ లేరా అనిపించింది. మర్నాడు పొద్దున ఫలహారం కాగానే వాకిట్లో కుర్చీ వేసుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, లస్సాద్‌కు జనం రాసిన మాటలన్నీ మొదటి నుంచీ చదవడం మొదలుపెట్టింది. రెండు రోజులు చదివింది. చదివేకొద్దీ రక్తం మరిగిపోయింది.

"ఇది విను" అనేది హమ్మాదితో. "'మోటారు రెండు వారాల్లో కాలిపోయింది, కానీ మనిషి చాలా మర్యాదగా మాట్లాడాడు. అయిదు స్టార్లు.' ఇంకోటి విను. 'ఇంకా విప్పలేదు, పెట్టె బాగుంది. అయిదు.' ఇంకోటి. 'సగం డబ్బు వెనక్కిస్తానన్నాడు కాబట్టి అయిదు.' ఇచ్చాడో లేదో రాయలేదు."

"మొహమాటం" అన్నాడు హమ్మాది, బార్లీ రొట్టె నూనెలో ముంచుకుంటూ.

"మొహమాటం కాదు, భయం. తిలాపాపం తలా పిడికెడు పంచుకున్నారు అందరూ. వీళ్లు అతనికి జంకి వేసింది చూసి మహబూబా నమ్మింది. మహబూబా జంకి వేసింది చూసి ఇంకొకరు నమ్ముతారు. అతని సగటు నాలుగూ తొమ్మిదట. మన బజారులో అలాంటి కాటా ఉంటే నేను సుత్తితో కొట్టి పగలగొట్టేదాన్ని."

"ఇప్పుడు నీ దగ్గర సుత్తి లేదుగా."

"అదే నా బాధ."

వేసిన నక్షత్రాలు మార్చుకోవడానికి సైటు పది రోజులు గడువిస్తుంది. ఎనిమిదో రోజున దలెందా మహబూబాను పక్కన కూర్చోబెట్టుకుని మళ్లీ రాయించింది. అయిదు తీసి రెండు వేయించింది. ఒకటే వెయ్యమని మహబూబా బతిమాలింది, ఆవిడకు కూడా ఇప్పుడు కోపం వచ్చింది మరి. దలెందా ఒప్పుకోలేదు. "యంత్రం చెప్పిన రోజుకు వచ్చింది. చెక్కపెట్టెలో భద్రంగా కట్టి పంపాడు. మోటారు బాగానే ఉంది. వాటికి ఇవ్వాల్సింది ఇవ్వాలి" అంది. కుడి రోలర్ పగులు సంగతీ లాంబం సంగతీ రాయించింది. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. కోపం ఆగనివ్వలేదు. చివర "ఇతను అబద్ధాలకోరు, దొంగ" అని తనే ఒక ముక్క జోడించింది.

గంట తిరక్కుండా లస్సాద్ మహబూబాకు ఫోన్ చేశాడు. దలెందా ఫోన్ లాక్కుంది.

"లల్లా, మీరెవరో నాకు తెలియదు" అన్నాడతను, పెద్దింటి ఆడవాళ్లను పిలిచే ఆ మర్యాద పిలుపుతో గొంతులో తేనె పోస్తూ. "ఆ అక్కకు నేను కొత్త రోలర్ పంపిద్దామనుకుంటున్నాను. మీరు మధ్యలో చెడగొడుతున్నారు."

"ముందు రోలర్ పంపు. వచ్చాక బిగించి చూసి, నువ్వు పంపావని కూడా అక్కడే రాస్తాం."

"ముందు స్టార్లు లల్లా. లోకం తీరే అంత."

"ఏ లోకంలో బాబూ? సరుకు తూచకముందే సంచీ కట్టే లోకంలోనా?"

అవతల గొంతులో తేనె ఇంకిపోయింది. "ముసలమ్మలకు పనీపాటా ఉండదు. మనవల్ని ఆడించుకోక, మాలాంటివాళ్ల కడుపులు కొడతారు" అని పెట్టేశాడు. ఆ పూటే మహబూబాకు కొనుగోలుదారుగా ఒక్క నక్షత్రం వేసి, 'తగవులమారి' అని రాశాడు.

మూడో రోజున సైటువాళ్ల దగ్గర్నుంచి మహబూబాకు సందేశం వచ్చింది. మీరు రాసినది మా సమూహపు సామరస్యానికి విరుద్ధంగా ఉన్నందున తొలగించాం అని దాని సారాంశం. అతను రాసిన 'తగవులమారి' మాత్రం చెక్కు చెదరలేదు. దలెందా ఆ సందేశాన్ని మూడుసార్లు చదివింది. "సామరస్యమట" అంది. "పగిలిన రోలర్‌కు లాంబం పూస్తే సామరస్యం. పగిలిందని చెబితే విరుద్ధం." మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేదు. హమ్మాది చేపముక్క ఆవిడ పళ్లెంలోకి జరిపాడు. ఆవిడ దాన్ని చూడనైనా లేదు.

సరిగ్గా ఆ మధ్యాహ్నమే ఆవిడ పేరున ఇంకో పార్సిల్ వచ్చింది. కెర్కెన్నా దీవుల నుంచి షాద్లీ అనే ఆయన పంపిన ఇత్తడి తూకపు రాళ్ల పెట్టె అది. అయిదు వందల గ్రాముల రాయి నుంచి ఒక గ్రాము రాయి దాకా, చెక్కలో తొలిచిన గుంటల్లో వరసగా ఉన్నాయి. ఇంకోరోజైతే ఆవిడ పసిపిల్లలా మురిసిపోయేది. ఆ రోజు మాత్రం చూపంతా తప్పు వెతికే చూపే. రెండు గ్రాముల రాళ్లు రెండుండాలి, ఒకటే ఉంది. రెండో గుంట ఖాళీ.

"చూశావా? అందరూ ఒక తాను ముక్కలే" అంది హమ్మాదితో.

ఆవిడ ఈసారి ఎప్పటి పద్ధతి పాటించలేదు. వివరణ పైకి చదవలేదు. వారం రోజులు ఆగలేదు. అక్కడికక్కడే రెండు నక్షత్రాలు వేసి, "ఒక రాయి లేదు. ఆ సంగతి దాచిపెట్టారు" అని రాసేసింది. ముప్ఫై నాలుగేళ్లలో ఒక్కసారైనా అలా కాటా మీద చెయ్యి వేసి ఎరగని మనిషి ఆవిడ.

మూడు వారాల తర్వాత షాద్లీ నుంచి నాలుగు మాటల సందేశం వచ్చింది. "నాలుగో ఫోటో. ఆఖరి వాక్యం."

దలెందా కళ్లద్దాలు పెట్టుకుని అమ్మకపు పేజీ తెరిచింది. వివరణ పొడవైనది. సగం దాకా కనిపించి, తక్కినది 'ఇంకా చూడండి' అన్నదాని కింద మడతపడి ఉంది. నొక్కింది. ఆ మనిషి పెట్టె మూతతో మొదలుపెట్టి, చెక్క, గుంటలు, పెద్ద రాయి నుంచి చిన్న రాయి దాకా ఒక్కొక్కదాని సంగతీ వరసగా రాసుకుంటూ వచ్చాడు. పోయిన రాయి సంగతికి వచ్చేసరికి ఆఖరి వాక్యమైంది. "రెండు గ్రాములవి రెండుండాలి, ఒకటి పోయింది, వెతికాను, దొరకలేదు." నాలుగో ఫోటోలో ఖాళీ గుంట దగ్గరగా తీసి ఉంది. గుంట పక్కన వేలు పెట్టి మరీ చూపించాడు.

వివరణ చదవరేం, చదవరేం అని ఊళ్లోవాళ్లందర్నీ తిట్టిపోసిన మనిషి. ఇప్పుడు ఎవర్ని తిట్టాలి? మార్చడానికి పోతే పది రోజుల గడువు దాటిపోయింది. సైటుకు రాస్తే గడువు దాటిందనే మాటే మక్కీకి మక్కీగా తిరిగొచ్చింది.  సాయంత్రానికి సైటు నిబంధనలన్నీ ముందేసుకుని కూర్చుంది. నలభై ఒకటో నిబంధనలో దొరికింది. గడువు దాటినా సరే, కొన్నవారూ అమ్మినవారూ ఇద్దరూ కలిసి సంతకాలు చేసి, గుర్తింపు కార్డుల నకళ్లు జతచేసి పంపితే పాత మాట దిద్దుతారట.

"ఫోన్లో చెబితే సరిపోదూ? కాగితం పోస్టులో పంపించు" అన్నాడు హమ్మాది.

"తప్పు పోస్టులో చేశానా? నా చేత్తో చేశాను."

మర్నాడు పొద్దున్నే కెర్కెన్నా పడవెక్కింది. దిగి, అద్దెబండి పట్టుకుని దీవిలో రమ్లా అనే ఊరు చేరింది. షాద్లీ ఇంటి వాకిలి నిండా మూతపడ్డ ఏదో మందుల కొట్టు సీసాలు పరిచి ఉన్నాయి. డెబ్బై ఏళ్ల మనిషి, బక్కపలచగా ఉన్నాడు. ఒకప్పుడు కిరాణా కొట్టు నడిపి, అది సాగక మూసేసి, ఇప్పుడు దీవుల్లో మూతపడ్డ కొట్ల సరుకంతా కొని వేలానికి పెడుతున్నాడు. చేతులు వణుకుతాయి కాబట్టి ఒక్కవేలితోనే టైపు చేస్తాడు. ఒక్క వివరణకు గంట పడుతుంది.

తానెవరో చెప్పింది. ఆయన కూర్చోమనలేదు.

"మీరు పాట పాడినప్పుడు తూనికల శాఖలో చేశానని రాశారు. చూసి సంతోషపడ్డాను. ఇన్నాళ్లకు ఒక తెలిసిన మనిషి కొంటోంది, నా గురించి మంచి మాట పడుతుందనుకున్నాను" అన్నాడు, సీసాలు తుడుస్తూనే. "మీరు రాసింది చూసి ఇద్దరు నా పాటల్లోంచి తప్పుకున్నారు. దాచిపెట్టాడు అన్నారు మీరు. నా బతుకులో ఆ మాట ఎవరూ అనలేదు."

"తప్పు నాదే. సాకులు చెప్పుకోడానికి రాలేదు."

"మరెందుకొచ్చినట్టు?"

దలెందా సంచీలోంచి కాగితం తీసి, నిబంధన సంగతి చెప్పింది. ఇద్దరూ సంతకం పెడితే దిద్దుబాటు పడుతుందంది. ఆయన చెయ్యి తుడుచుకుని కాగితం అందుకున్నాడు. పైనుంచి కింది దాకా, ఒక్క అక్షరం వదలకుండా చదివాడు. ఆ చదవడం చూస్తుంటే ఆవిడకు ప్రాణం చచ్చినంత పనైంది. చివర ఖాళీగా ఉన్న చోట వేలు పెట్టి అడిగాడు.

"ఎన్ని వేస్తారిక్కడ?"

"నాలుగు."

షాద్లీ తలెత్తాడు. "నాలుగా?"

"నాలుగు."

"సముద్రం దాటొచ్చి, తప్పు నాదేనని ఒప్పుకుని, నాలుగా?"

"పెట్టె మూతకున్న బందు గట్టిగా ఉందని రాశారు. వదులుగా ఉంది. నేను పెట్టెను కూడా తెచ్చాను, చూడండి" అని సంచీలోంచి తీసి ఆయన ఒళ్లో పెట్టింది.

ఆయన మూత తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచాడు. బందు మేకు కదులుతోంది. వేలితో దాన్ని అటూ ఇటూ ఆడించి చూశాడు. మొహంలో కోపం ఉందో నవ్వు ఉందో దలెందాకు అంతు చిక్కలేదు.

"వదులే" అన్నాడు చివరికి. "నేను చూసుకోలేదు. నాలుగే న్యాయం." సంతకం పెట్టాడు. వణికే చేత్తో ఆ సంతకానికి చాలాసేపే పట్టింది. తర్వాత ఇంట్లోకి కేకేసి కాఫీ తెమ్మన్నాడు, కుర్చీ తుడిచి వేశాడు.

కాఫీ తాగుతూ దలెందా లస్సాద్ సంగతంతా వెళ్లగక్కింది. సైటువాళ్లు తీసేసిన మాటల్ని ఫోన్లో చూపించింది. షాద్లీ చదివాడు.

"మీ శాఖలో తప్పుడు రాయి పట్టుకుంటే కాగితం మీద ఏం రాసేవారు?"

"ఎంత ఉండాలి, ఎంత ఉంది, తేడా ఎంత."

"కొట్టువాడు దొంగ అని రాసే గడి ఉండేదా?"

దలెందా తల అడ్డంగా ఊపింది. అలాంటి గడి లేదు. ఆ గడి ఉండాలని ముప్ఫై నాలుగేళ్లలో ఆవిడకు ఒక్కసారీ అనిపించలేదు. కోర్టు చేసే పని కోర్టుకు వదిలేసి తాను గ్రాములు రాసింది.

"వాళ్లు తీసెయ్యడానికి వంక దొరికింది ఆ ఒక్క మాటలోనే. మిగిలిందంతా రాయిలా ఉంది. దాన్ని ఎవరూ కదపలేరు" అన్నాడాయన.

పడవలో తిరిగొస్తున్నంతసేపూ ఆవిడకు తన మీద తనకే మంటగా ఉంది. లస్సాద్ మీద మంట అంతకంటే ఎక్కువగా ఉంది. ఒకదానికోసం ఇంకోటి తగ్గించుకోవాల్సిన పని లేదనిపించింది.

ఇంటికొచ్చిన మర్నాడే మహబూబాను కూర్చోబెట్టింది. పాత మాట తీసేశారు కాబట్టి ఆ చోట కొత్తగా ఒక్కసారి రాసే వీలుంది. ఈసారి మహబూబాయే స్వయంగా రాసింది, దలెందా పక్కన కూర్చుని ఊరికే విన్నది. అమ్మినవారు ఏ లోపమూ లేదని రాశారు. కుడి రోలర్ మీద ఎనిమిది సెంటీమీటర్ల పగులు ఉంది. దాన్ని లాంబంతో పూడ్చి రంగు వేశారు. ఆ లాంబం పిండిలో కలిసింది. పార్సిల్ వేళకు వచ్చింది, కట్టడం బాగుంది. నక్షత్రాలు వెయ్యకముందు అయిదు వెయ్యమని ఫోన్ చేశారు. ఫోటోలు మూడు. రెండు నక్షత్రాలు. అంతకుమించి అక్షరం లేదు. లస్సాద్ మళ్లీ ఫిర్యాదు చేశాడు. ఈసారి సైటువాళ్లకు తీసెయ్యడానికి ఏమీ దొరకలేదు.

దాని కింద వారంలో ఇంకో నలుగురు రాశారు. గఫ్సాలో హోటల్ నడిపే ఒకాయన, తన యంత్రం మీద కూడా గీకి చూశానని, లాంబమే ఉందని రాశాడు. "భయపడి అయిదు వేశాను, సిగ్గుగా ఉంది" అని ఒకామె రాసింది. లస్సాద్ సగటు నాలుగూ తొమ్మిది నుంచి నాలుగూ ఎనిమిదికి దిగింది. అంతే. పన్నెండు వందల మంది పిరికితనం నలుగురి నిజంతో కరుగుతుందా? అతను ఇప్పటికీ వేలానికి పెడుతూనే ఉన్నాడు. కాకపోతే వివరణలో 'ఏ లోపమూ లేదు' అనే మాట మాత్రం మానేశాడు.

మహబూబా రోలర్‌ను బాబ్ జెబ్లీలో లేతు పనివాడు పగులు దాకా చెక్కి, కొత్త ఉక్కు తొడుగు వేసి ఇచ్చాడు. పిండి ఇప్పుడు రెండువైపులా మెత్తగానే పడుతోంది. లస్సాద్ వేసిన ఒక్క నక్షత్రం మాత్రం ఆవిడ పేరుకు అంటుకునే ఉంది, దాన్ని దిద్దడానికి అతను సంతకం పెట్టడు కదా. షాద్లీ పేజీలో దిద్దుబాటు పన్నెండో రోజున పడింది. రెండు పోయి నాలుగు వచ్చాయి. కింద, "కొన్నవారు వివరణ పూర్తిగా చదవలేదు" అని దలెందా పేరుతోనే ఉంది. ఆ వాక్యం అలాగే ఉంచమని పట్టుబట్టింది కూడా ఆవిడే.

సైటువాళ్లకు ఆవిడ ఇప్పటికి నాలుగు ఉత్తరాలు రాసింది. అన్నిట్లోనూ అడిగింది ఒక్కటే. కొన్నవాళ్లు వేసినవీ అమ్మినవాళ్లు వేసినవీ ఇద్దరూ వేసేదాకా ఎవరికీ కనిపించకుండా దాచి ఉంచమని, అప్పుడు ఒకరికొకరు జంకి వెయ్యాల్సిన అవసరం ఉండదని. చేపల బజారులో చదువురాని ముసలివాడికి చెప్పినా తెలిసే సంగతి ఇది. నాలుగింటికీ ఒకే జవాబు వచ్చింది. మీ సూచనకు ధన్యవాదాలు, మా సేవలకు ఎన్ని నక్షత్రాలు వేస్తారో చెప్పండి.

"ఏం వేశావు?" అని హమ్మాది అడిగాడు.

"ఒకటి. జవాబు వేళకు పంపినందుకు" అంది దలెందా, అయిదో ఉత్తరానికి కాగితం తీసుకుంటూ.